గోడ మీద మచ్చలు

"మళ్లీ తెలుపు పెట్టమ్మా," అన్నాడు హాలు యజమాని. "ఈసారి అందరూ చూడండి. తలలు దించుకోవడం తర్వాత."

గోడని తెచ్చి నిలబెట్టిన ఇంటి పెద్దకోడలు కంప్యూటరు మీట నొక్కింది. వేదిక మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నిలబడ్డ ఎల్‌ఈడీ గోడ వెలిగింది.

అంచు నుంచి అంచుకి ఒకే తెలుపు ఉండాల్సిన గోడ. ఆ తెలుపు మధ్యలో అక్కడొకటి, ఇక్కడొకటి పసుపు తేలిన పలకలు. ఉతికి ఆరేసిన చొక్కాకి పాతగుడ్డతో అతుకులు వేసినట్టుంది.

హాలు ప్రారంభోత్సవమని ఇంటిల్లిపాదీ మంచి బట్టలు కట్టుకుని మధ్యాహ్నమే వచ్చారు. ఇప్పుడు ఆ బట్టల్లోనే దొంగల్లా నిలబడ్డారు.

"ఏదైనా వీడియో ఆడుతుంటే ఇవి కంటికి ఆనవండీ," అన్నాడు ఇంటల్లుడు, గొంతులో తేనె కలుపుకుని. ఇలాంటి గోడలు కట్టే ఆ ఇంటి సంస్థకి పనులు తెచ్చిపెట్టేది అతనే. అతని నోరే అతని పనిముట్టు. "సాయంత్రానికి కాస్త రంగురంగులది పెట్టేశామంటే..."

"సాయంత్రం ఈ గోడ ముందు నిలబడి నా కూతురు పాడుతుంది. వెనక తెలుపు తప్ప ఇంకేం వద్దంది. ఆ తెలుపు కోసమే ఊళ్లో ఇంతమంది ఉండగా మీ గడప తొక్కాను."

అల్లుడు తేనె మింగేశాడు.

యజమాని ముందు వరస కుర్చీల వైపు తిరిగాడు. అక్కడ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని పెద్దాయన కూర్చున్నాడు. పెద్దకోడలికి మామగారు.

"మాస్టారూ, ఒక గోడకి ఒకే లాటు అని నాకు నేర్పింది మీరే. ఫ్యాక్టరీలో ఒక విడతగా తయారైన పలకల్లో ఇంకో విడతవి కలిస్తే, తెలుపు పెట్టగానే పట్టుబడిపోతుందన్నారు. పట్టుబడింది. ఇప్పుడేమంటారు?"

పెద్దాయన ఏమీ అనలేదు.

ఆ మౌనాన్ని అందరూ బాధే అనుకున్నారు. అనుకోక ఏం చేస్తారు? ఆయన ఒకప్పుడు మేడలంత బోర్డులకి రంగులేసిన మనిషి. రంగుల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. ఏ గోడనైనా ముందు ఇంటి వెనక షెడ్డులో నిలబెట్టి తెలుపు పెడతారు. అందరూ బయటికి వచ్చేస్తారు. పెద్దాయన ఒక్కడే లోపల కుర్చీ వేసుకుని, ఒకసారి ఈ కన్నూ ఒకసారి ఆ కన్నూ మూసి చూస్తాడు. బయటికొచ్చి "ఎక్కించండి" అంటే బండి కదులుతుంది. అనకపోతే పలకలు మారుతాయి. 'పెద్దాయన చూసిన గోడ' అంటే ఈ వ్యాపారంలో ఇంక వేరే హామీ అడగరు.

"మాస్టారు మొన్న సాయంత్రం చూశారు," అన్నాడు యజమాని, లెక్క కడుతున్నట్టు నెమ్మదిగా. "చూసి సరేనన్నారు. అంటే అప్పటికి గోడ బాగుంది. నిన్న పొద్దున బండెక్కింది. మధ్యలో ఒక రాత్రి. ఆ రాత్రి షెడ్డు తాళం ఎవరి దగ్గరుంది?"

అందరి కళ్లూ గోడ పక్కకి తిరిగాయి. అక్కడ పెద్దకోడలి తమ్ముడు నిలబడి ఉన్నాడు. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక నట్టు తిప్పుతుంటాడని ఇంట్లో వాడికి నట్టు అనే పేరు పడిపోయింది. ఇప్పుడు కూడా వేళ్ల మధ్య ఒకటి తిరుగుతోంది. చూపులు తగిలేసరికి ఆగిపోయింది.

"నా దగ్గరే," అన్నాడు నట్టు.

"బామ్మర్ది బావ బతుకు కోరతాడని సామెత," అన్నాడు అల్లుడు, సన్నగా నవ్వుతూ. "మా బావగారి బామ్మర్ది మాత్రం బావ గోడకే కన్నం వేశాడు."

"అన్నయ్యగారూ, మాట తూలకండి," అంది పెద్దకోడలు.

"నేనేమన్నానమ్మా చెల్లెమ్మా, సామెత చెప్పాను."

యజమాని చెయ్యెత్తాడు. "మీ ఇంటి గొడవ నాకొద్దు. నాకు రెండే దారులు. మీలో ఒకడు కొత్త పలకలు కాజేసి పాతవి తగిలించాడనుకోండి, వాణ్ణి పోలీసులకి అప్పగించి, గోడ మార్చడానికి మీకు గడువిస్తాను. అలాంటివాడు లేడంటారా, అప్పుడు మోసం చేసింది మీ సంస్థే. ఆ మాట సాయంత్రం వచ్చే పెద్దలందరి ముందూ నేనే చెబుతాను. పైన ఆఫీసులో ఉంటా. మీలో మీరు తేల్చుకుని పిలవండి. అందాకా షట్టరు లేవదు."

అతను మెట్లెక్కాడు. ముందు గుమ్మం దగ్గర ఇనుప షట్టరు గరగరమంటూ దిగి నేలని తాకింది.

*

పెద్దకోడలిని ఆమె భర్త పక్క వరండాలోకి తీసుకెళ్లాడు. గోడలు బండెక్కించి పంపే పని ఆ పెద్దకొడుకుదే. అక్కడ మడత కుర్చీలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటు లేదు.

"మీ తమ్ముణ్ణి ఒప్పుకోమను," అన్నాడు.

"చేయని పని ఎలా ఒప్పుకుంటాడండీ?"

"చేశాడా లేదా అని నేను అడగలేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను కుర్చీలని చూస్తున్నాడు.

"అడగకుండానే ఉరి వేస్తారా?"

"ఉరి, గిరి అని పెద్ద మాటలొద్దు. నాలుగు రోజులు లోపలుంటాడు. తర్వాత నేను ఆయన కాళ్లావేళ్లా పడి కేసు తీయిస్తాను. ఇంకో ఊళ్లో పని చూపిస్తాను. నా మాట మీద నమ్మకం లేదా?"

"దొంగ అన్న పేరో? అదీ తీయిస్తారా?"

"నాన్న పేరు పోతే మనందరం వీధిన పడతాం. మీవాడికి పోవడానికి పేరెక్కడుంది?"

పెళ్లయి ఇన్నేళ్లలో అతను ఆమె మీద చెయ్యెత్తలేదు. గొంతు కూడా పెంచడు. ఈ మాట కూడా మెల్లగానే అన్నాడు. మెల్లగా అన్నందుకే ఆమెకి ఎక్కువ తగిలింది.

"వాణ్ణి మీ దగ్గర పనికి పెట్టమని అడిగింది నేను," అంది. "మా అమ్మ పోయాక వాడికి నేను తప్ప ఎవరూ లేరు. ఆ సంగతి తెలిసే అంటున్నారా?"

"తెలుసు కాబట్టే అంటున్నా. నువ్వు చెబితే కాదనడు."

అతను ఆమె భుజం తట్టి వెళ్లిపోయాడు. పని అప్పజెప్పిన మేస్త్రీలా.

*

గోడకి వెనక మనిషి అడ్డంగా తిరిగితేనే పట్టేంత సందు. ఇనుప చట్రాలు, వేలాడే తీగలు, వందల దీపాల వేడి. పంకాల రొదకి పక్కమనిషి మాట కూడా చెవిలో చెప్పాల్సిందే.

"ఇటు రాకక్కా. చీర తీగలకి తగులుకుంటుంది. ఇరుక్కుపోతావు."

"ఇంకా ఇరుక్కోవడానికేముందిరా," అంటూ ఆమె పక్కగా నడుచుకుంటూ తమ్ముడి దాకా వచ్చింది. "నువ్వు చేశావా?"

"నువ్వూ అడుగుతున్నావా?"

"నీ నోటితో వినాలని."

"చేయలేదు."

ఆమెకి అంతే కావలసింది. నట్టు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. చిన్నప్పటి నుంచీ అంతే. ఇప్పుడు ఎర్రబడలేదు.

"తాళం తల కింద పెట్టుకునే పడుకున్నా," అన్నాడు. "అయినా ఒక సంగతి చూడు. దొంగ చేసిన పని ఇలా ఉంటుందా? నేనే దొంగనైతే కింద వరసలో, మూలల్లో మారుస్తాను. పూలకుండీలు పెడతారు, ఎవరికీ కనపడదు. ఇవి నట్టనడుమ ఉన్నాయి. పోనీ ఒకచోట ఉన్నాయా అంటే అదీ లేదు. విత్తనాలు చల్లినట్టు ఎడం చూసుకుని పెట్టారు. ఎవరో ముచ్చటపడి చేసిన పనక్కా ఇది."

ముచ్చటపడి.

ఆ మాట దగ్గర పెద్దకోడలి మనసు ఆగిపోయింది. మామగారు అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పలేదు? బోర్డు మీద తెలుపు మరీ నీలంగా కొట్టి కళ్లు పొడుస్తుంటే, అక్కడక్కడ పసుపు అద్ది చల్లార్చాలి. దగ్గర్నుంచి చూస్తే మచ్చలు. దూరం నుంచి చూస్తే మెత్తని తెలుపు. ఆ చల్లార్చడం చేతికి రావడానికి తనకి ఎన్నేళ్లు పట్టిందో కూడా చెప్పేవాడు.

షెడ్డులో గోడ ముందు ఒంటరిగా ఉన్న మనిషి మామగారు ఒక్కరే. ఆయన్ని ఎవరూ లెక్కలో వేయలేదు. కాపలాదారుణ్ణి సోదా చేయడం ఎవరికి తోస్తుంది?

కాని ఎందుకు? గోడకి లాటు కలపకూడదని లోకానికి నేర్పిన మనిషి తనే ఎందుకు కలుపుతాడు?

"అక్కా," అన్నాడు నట్టు. "బావ నాతో మాట్లాడాడు. నేను ఒప్పుకుంటే నీ కాపురానికి ఢోకా లేదన్నాడు. లేకపోతే... లేకపోతే అని ఆపేశాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నువ్వు నన్ను చంకనేసుకుని పెంచావు. నాలుగు రోజులేగా."

"నోర్మూసుకో. నేను చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదలకు."

*

వేదిక పక్క అలంకరణ గదిలో అత్తగారు అద్దానికి వీపు పెట్టి కూర్చుంది. కోడలు తలుపు దగ్గరికి వేయడం చూసి కొంగు సర్దుకుంది.

"మామయ్య కళ్లకి ఏమైంది అత్తయ్యా?"

"కండ్లకలకమ్మా. నీకు తెలీందేముంది."

"కండ్లకలక ఇంటికొకరితో ఆగదు అత్తయ్యా. మనలో ఎవరికీ రాలేదు."

అత్తగారు కొంగు చివర వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. బయట అల్లుడు ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆ నవ్వు ఆగేదాకా ఇద్దరూ కదలలేదు.

"ఆపరేషను చేయించాం," అంది చివరికి. "మా అక్కయ్యని చూడ్డానికి వెళ్లామని చెప్పింది అందుకే. ఒక కంట్లో పొర తీశారు. రెండోది ఇంకా అలాగే ఉంది. కొత్త కంటికి అంతా నీలమట, పాత కంటికి అంతా పసుపట. ఒక కన్ను మూస్తే ఒక లోకం, ఇంకోటి మూస్తే ఇంకో లోకం. రెండోది కూడా చేయిస్తే సర్దుకుంటుందన్నారు. ఈ గోడ అయ్యేదాకా ఆగుతానన్నారు ఆయన."

"ఎవరెవరికి తెలుసు?"

"పెద్దోడికి తెలుసు. ఆసుపత్రికి తీసుకెళ్లింది వాడే."

కోడలు కుర్చీ అంచు పట్టుకుంది. భర్త వరండాలో కుర్చీల వంక చూస్తూ మాట్లాడింది ఇందుకా? తండ్రిని కాపాడుకోవడానికా? కోపం రావలసిన చోట ఒక్క క్షణం జాలి కలిగింది.

అత్తగారు లేచి ఆమె మణికట్టు పట్టుకుంది. ముసలి చేతిలో అంత బలం ఉందని ఆమె అనుకోలేదు.

"నా మీద ఒట్టు. ఈ మాట నీ గొంతు దాటకూడదు."

"మరి నా తమ్ముడో?"

"వయసులో ఉన్నాడు, ఎక్కడైనా బతుకుతాడు. ఆయన కంటిచూపే ఆయన బతుకు. కళ్లు పోయి అడ్డగోలు పని చేశాడని నలుగురూ అంటే ఆయన ఒక్కరోజు బతకరు. నువ్వు కూతురివైతే ఏం చేస్తావో అదే చెయ్యి."

"అక్కనైతే ఏం చెయ్యాలి అత్తయ్యా?"

అత్తగారు చెయ్యి వదల్లేదు. కోడలే ఒక్కొక్క వేలూ విడిపించుకుని బయటికొచ్చింది.

అడకత్తెరలో పోకచెక్కకి కనీసం ఎటు నుంచి తెగుతుందో తెలుస్తుంది. ఆమెకి అదీ తెలియడం లేదు. నోరు విప్పితే తండ్రిలా చూసిన మనిషి పోతాడు. విప్పకపోతే బిడ్డలా పెంచిన తమ్ముడు పోతాడు.

*

పెద్దాయన కూర్చున్న చోటు నుంచి కదలలేదు. ఆమె వెళ్లి పక్క కుర్చీలో కూర్చుంది. ఎదురుగా గోడ ఇంకా వెలుగుతూనే ఉంది.

"మామయ్యా, అత్తయ్య చెప్పింది."

ఆయన తల తిప్పలేదు. "చెబుతుందని తెలుసు. దాని నోట్లో ఏది దాచినా ఉప్పు కరిగినంత సేపే."

"పలకలు మీరే మార్చారు."

"అవునమ్మా, మార్చాను," అన్నాడు ఆయన, అంత తేలిగ్గా. "తెలుపు కళ్లలో పొడుస్తున్నట్టనిపించింది. చేతులు ఊరుకోలేదు. పాత లాటు పెట్టెలోంచి తీసి అక్కడక్కడ పెట్టాను. తీసిన కొత్తవి ఆ పెట్టెలోనే పెట్టాను. పెట్టి కూర్చుంటే అప్పుడు భయమేసింది. నేను చూస్తున్నది గోడనా, నా కంటినా అని."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పకుండా ఉంటానా? ఆ సాయంత్రమే పెద్దోణ్ణి పిలిచి చెప్పాను. 'ఒరేయ్, నా కన్ను నాకే నమ్మకంగా లేదు. పలకలు కలిపాను. పొద్దున ఎక్కించేముందు తెలుపు పెట్టి నువ్వు చూడు, తేడా ఉంటే తీసినవి పెట్టెలో ఉన్నాయి, మార్చెయ్' అని."

ఆమెకి పంకాల రొద వినపడటం మానేసింది.

"ఆయనేమన్నారు?"

"పొద్దున వచ్చి చెప్పాడు. 'చూశాను నాన్నా, అన్నీ మార్చేశాను, అద్దంలా ఉంది' అన్నాడు. వాడు మార్చేశాక కూడా ఇవాళ మచ్చలున్నాయంటే ఏమిటర్థం? వాడి తర్వాత ఎవరో చెయ్యి పెట్టారు. తాళం మీవాడి దగ్గరుంది. అందుకే మాట్లాడలేకపోతున్నానమ్మా. నీ మొహం చూసి నీ తమ్ముణ్ణి ఏమనను?"

ఆయన మౌనానికి అర్థం అదా. ఆయన తనని తాను కాపాడుకోవడం లేదు. ఆమెని బాధపెట్టలేక నోరు మూసుకున్నాడు.

"మామయ్యా," అంది ఆమె. "నిన్న తెల్లారకముందే నేను ఇక్కడికి వచ్చేశాను. కంప్యూటరు, కరెంటు తీగలు అన్నీ నాతోనే వచ్చాయి. షెడ్డులో గోడ వెలిగించడానికి అక్కడ ఏముంది?"

పెద్దాయన చేతులు మోకాళ్ల మీద కదిలాయి.

"ఆ పాత లాటు పెట్టె," అంది ఆమె, ఆపలేక, "నిన్న పొద్దునే పై ఊరి పనికి పంపించేశారు. పెట్టె ఏదని నేను ఫోను చేస్తే, పాత సరుకే కదా, మూత కూడా తీయకుండా వాళ్లకి పంపేశానన్నారు మీ అబ్బాయి. మీరు చెప్పిన మాట ఒక్కటి కూడా ఆయన చెవికెక్కలేదు. ఆలస్యమవుతోందని గోడ బండెక్కించి, చూశానని మీకు చెప్పారు."

ఆయన నల్లకళ్లద్దాలు తీశాడు. ఒక కన్ను ఎర్రగా, తడిగా ఉంది. రెండోది మసగ్గా ఉంది. ఆ రెండు కళ్లతోనూ గోడని కాదు, కోడల్ని చూశాడు.

"వాడు నా కొడుకమ్మా."

"వాడు నా తమ్ముడు మామయ్యా."

మెట్ల మీద బూట్ల చప్పుడు దిగి వచ్చింది.

*

"ఏం తేల్చుకున్నారు?" అన్నాడు యజమాని. వెనకాలే ఇద్దరు కాపలావాళ్లు వచ్చి నిలబడ్డారు.

"తేలిపోయిందండీ," అల్లుడు ఎదురెళ్లాడు. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేం పట్టేశాం. కుర్రతనం, చెడు సావాసం. తనే ఒప్పుకుంటాడు."

గోడ వెనక సందులోంచి నట్టు బయటికొచ్చాడు. కదలకు అన్న అక్క మాట దాటి వచ్చాడు కాబట్టి ఆమె వైపు చూడలేదు. బావ వైపు చూశాడు. బావ చిన్నగా తలూపాడు.

"నేనేనండీ," అన్నాడు నట్టు.

వాడి చెవులు రెండూ కందిపోయి ఉన్నాయి.

"ఆగరా," అంది పెద్దకోడలు.

యజమాని తిరిగి చూశాడు. అలంకరణ గది గుమ్మంలో అత్తగారు నిలబడి, మాట్లాడకుండా తల అడ్డంగా ఊపుతోంది.

"వాడు కాదండీ," అంది పెద్దకోడలు.

భర్త నవ్వాడు. చేతులు నులుముకుంటూ రెండడుగులు ముందుకేశాడు. "తమ్ముడంటే ప్రాణం దీనికి. ఏదో ఒకటి అంటుంది. మీరు మనసులో పెట్టుకోకండి. అబ్బాయి ఒప్పుకున్నాడు కదా, మీ మనుషుల్ని తీసుకెళ్లమనండి."

"మీరుండండి," అన్నాడు యజమాని. "ఏమ్మా, వాడు కాకపోతే ఎవరు? మాస్టారు చూసి పంపిన గోడ ఇది. ఆయన చూశాక తప్పు చేసినవాడెవడు?"

ఆమె మామగారి వైపు చూసింది. ఆపమంటాడేమో అని చూసింది. ఆయన ఒక్క మాట అంటే ఆగిపోయేదేమో, ఆమెకే తెలియదు. ఆయన కళ్లద్దాలు చేతిలోనే పట్టుకుని, తల దించుకుని ఉన్నాడు. ఆపలేదు.

భర్త నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. కాని పెదాల దగ్గర బిగుసుకుంది. మొట్టమొదటిసారి అతను కుర్చీలని కాకుండా, గోడని కాకుండా, నేరుగా ఆమె కళ్లలోకి చూశాడు. వద్దు అంటున్నాయి ఆ కళ్లు. ఇంటికి వెళ్లాక మన ఇద్దరమే ఉంటాం, గుర్తుంచుకో అని కూడా అంటున్నాయి.

షట్టరు దించే ఉంది. లేచినా ఆమె వెళ్లాల్సింది ఆ ఇంటికే.

"చెప్పమ్మా," అన్నాడు యజమాని. "తప్పు తను చేసి, ఇప్పుడు ఈ కుర్రాడి నెత్తిన రుద్దుతున్నవాడు ఎవడైనా ఉంటే పేరు చెప్పు. లేకపోతే వీణ్ణి తీసుకుపోతున్నా."

కాపలావాడు నట్టు మోచేయి పట్టుకున్నాడు.

"ఉన్నాడు," అంది ఆమె. "తేడా ఉందని తెలిసీ చూడకుండా బండెక్కించినవాడు మీ పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. మా ఆయన."